సైకిల్ కొనండి, కానీ ఆ సైకిల్ కాదు

ప్రశ్న: మాది పలాస. మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ. రెండేళ్లుగా పుస్తకం కంటే సైకిల్ మీదే ధ్యాస. కొండదారులు, జీడితోటలు పట్టుకుని తిరుగుతుంటాడు. ఇప్పుడు లక్షా ఎనభై వేల మౌంటెన్ బైక్ కొనిమ్మంటున్నాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో "మా బ్రాండ్ అంబాసిడర్‌గా చేరు, గేర్ (హెల్మెట్, ప్యాడ్‌ల లాంటి సామగ్రి) మీద 30 శాతం తగ్గిస్తాం" అని మెసేజ్ పెట్టారట. స్పాన్సర్ దొరికాక బీటెక్ ఎందుకంటాడు. ఎక్కడ పడి ఏం విరగ్గొట్టుకుంటాడోనని వాళ్లమ్మ భయం. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు తెస్తే బుల్లెట్ బండి కొనిస్తానన్నా వినడం లేదు. బీటెక్, సైక్లింగ్ ఈ రెంటిలో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: ఆట పేరు మారుతుంది గానీ ఈ ఉత్తరం మారదు. ఒకసారి క్రికెట్, ఒకసారి యూట్యూబ్, ఇప్పుడు మౌంటెన్ బైక్. పైకి "ఏది మేలు" అని అడుగుతారు. లోపలున్న మాట "వీడు రెంటికీ చెడ్డ రేవడి అయిపోతాడేమో" అన్నది. పోలిక తర్వాత చూద్దాం, ముందు ఆ భయం సంగతి చెబుతాను.

సైక్లింగ్‌లో 17, 18 ఏళ్లవాళ్లది జూనియర్ విభాగం. 19 నుంచి 22 దాకా అండర్-23. పోటీల్లో మీవాడు పైకి రావాల్సిన కాలమూ, డిగ్రీ చేయాల్సిన కాలమూ ఒకటే. ఒకటి వదిలితేనే రెండోది దొరుకుతుందని వాడికి ఎవరు చెప్పారో గానీ, అసలు లెక్క తిరగేసి ఉంది. కేంద్ర ప్రభుత్వ కొలువుల క్రీడా కోటా ఆటల జాబితాలో సైక్లింగ్ ఉంది. ఆ కోటాకు చూపించే పోటీల సర్టిఫికెట్లు ముఖ్యంగా నాలుగు రకాలు. ఫారం-1 దేశం తరఫున ఆడినవాళ్లకు, ఫారం-2 జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవాళ్లకు, ఫారం-3 అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు, ఫారం-4 స్కూల్ గేమ్స్‌కు. మీవాడు కాలేజీ మానేసిన రోజున ఫారం-3 దారి మూసుకుపోతుంది. రేపు కోచ్ అవుదామనుకుని పాటియాలాలోని జాతీయ క్రీడా శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌లో డిప్లొమాకు వెళ్లాలన్నా మామూలుగా డిగ్రీ అడుగుతారు. "చదువుకోరా" అని వందసార్లు అనేకన్నా ఈ రెండు సంగతులు ఒక్కసారి చెప్పి చూడండి.

ఒక మాట కూడా దాచకుండా చెప్పాలి. దేశం తరఫున ఆడితే తప్ప, పతకం లేకుండా కేవలం పాల్గొన్న సర్టిఫికెట్‌కు ఆ వరసలో చివరి చోటు. కాగితం ఉంటే కొలువు వచ్చేసినట్టు కాదు.

ఇక స్పాన్సర్ సంగతి. మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది ఇదే.

స్పాన్సర్ అంటే మనకు డబ్బో, వస్తువో ఇచ్చేవాడు. 30 శాతం తగ్గించి మనకే అమ్మేవాడు దుకాణదారుడు. మీవాడికి వచ్చిన మెసేజ్‌లో డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతోందో చూడండి, అంతా అర్థమవుతుంది. పదివేల ధర వేసిన ప్యాడ్‌లు ఏడువేలకు ఇస్తారు. మామూలు దుకాణంలో అలాంటివే ఆరువేలకు దొరుకుతుంటే అది తగ్గింపు ఎలా అవుతుంది? పైగా నెలకు ఇన్ని రీల్స్ పెట్టాలి, నీ డిస్కౌంట్ కోడ్ మీద ఇంతమంది కొనాలి అని షరతులు. కుర్రాడు ప్రాక్టీసు మానేసి ఫోన్ పట్టుకు కూర్చుంటాడు. రేసులో ఎన్నో స్థానం వచ్చావని అడగకుండా ఫాలోయర్లు ఎంతమందని అడిగినవాడికి కావాల్సింది రైడర్ కాదు, ఊరికే పనిచేసే సేల్స్‌మన్.

అసలైన స్పాన్సర్‌షిప్ మెట్లు మెట్లుగా వస్తుంది. మొదట సైకిల్ షాపువాళ్లు సర్వీసు, స్పేర్లు ఉచితంగా చూస్తారు. ఆ తర్వాత ఎంట్రీ ఫీజు, రైలు ఖర్చు ఎవరో పెట్టుకుంటారు. జాతీయ స్థాయిలో పేరు కనిపిస్తే ఒక సీజన్‌కు సైకిల్ ఇస్తారు, చాలాసార్లు వాడుకుని తిరిగి ఇచ్చేయాలన్న షరతు మీదే. నెలజీతం ఇచ్చి తొక్కించే జట్లు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. మీవాడు ఇంకా మొదటి మెట్టు కిందే ఉన్నాడు. అందులో తప్పేం లేదు. 17 ఏళ్లకు అందరూ అక్కడే ఉంటారు. ఆ మొదటి రెండు మెట్లకు ముంబై కంపెనీ అక్కర్లేదు, మీ ఊరి జీడిపప్పు వ్యాపారులు చాలు. ఒకే ఒక పేజీ రాసుకుని వెళ్లమనండి: ఏ రేసు, ఏ విభాగం, ఎన్నో స్థానం, మొదటివాడికంటే ఎన్ని నిమిషాలు వెనక, వచ్చే పోటీ ఎక్కడ, దానికి ఎంత కావాలి. "సాయం చేయండి" అన్నవాడికి వంద ఇచ్చి పంపేస్తారు. "రాష్ట్ర ఎంపికకు ఆరువేలు కావాలి, జెర్సీ వీపు మీద మీ బ్రాండు వేసుకుంటాను" అన్నవాడిని కుర్చీ వేసి కూర్చోబెడతారు.

నిజమైన ఒప్పందం వచ్చినా మీరు చూడాల్సినవి ఉన్నాయి. 18 నిండనివాడు చేసిన ఒప్పందం మన చట్టంలో చెల్లదు. కాబట్టి వాడి చేత ఆన్‌లైన్‌లో "ఐ అగ్రీ" నొక్కించి సరిపెట్టుకునే కంపెనీకి చట్టమైనా తెలియదు, లేదా మీకు తెలియదని దాని ధీమా. సీజన్ అయ్యాక సైకిల్ ఎవరిది, దెబ్బ తగిలి మూడు నెలలు తొక్కకపోతే ఏమవుతుంది, వేరే బ్రాండు హెల్మెట్ పెట్టుకోవచ్చా, వాడి ఫొటోలు ఎంతకాలం వాడుకుంటారు, ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. ప్రచారం చేసినందుకు ఇచ్చిన వస్తువు ఉంచేసుకుంటే, ఏడాదిలో దాని విలువ 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కట్టాలని 2022 జులై నుంచి నిబంధన ఉంది. వాడి తిరిగి ఇచ్చేస్తే ఆ బాధ లేదు. "ఉచిత సైకిల్" అని మురిసిపోయే ముందు ఈ లెక్క కూడా చూసుకోండి.

ఇప్పుడు మీ వంతు. ర్యాంకు తెస్తే బుల్లెట్ కొనిస్తానన్నారు. అంటే డబ్బు లేక కాదు, దెబ్బల భయమూ కాదు. 17 ఏళ్ల గుంటడి చేతికి జాతీయ రహదారి మీద తిరగడానికి బండి ఇవ్వడానికి మీకు చేతులొచ్చాయి గానీ, తోటల్లో తొక్కుకునే సైకిల్ దగ్గర మాత్రం ప్రాణభయం గుర్తొచ్చింది. ఇదేం లెక్కండీ? పైగా పందెం కాసి చదివించేవాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకునేది బేరమాడటమే. వాడు మీతో ఇప్పుడు చేస్తున్నదీ అదే. ఆ బుల్లెట్ మాట వెనక్కి తీసుకోండి, ముందు ఆ పని చేయండి.

వాళ్లమ్మ భయంలో మాత్రం న్యాయం ఉంది. ఈ ఆటలో ఎక్కువగా దెబ్బతినేవి మెడ కింది కాలర్ బోన్, మణికట్టు. ముందుకు పడేటప్పుడు చేయి చాచడం వల్లో, భుజం నేలకు కొట్టుకోవడం వల్లో వస్తాయి. మణికట్టు విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. పడిన తర్వాత ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా ఎముకల డాక్టరుకే చూపించి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించండి. అక్కడుండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగినా మొదట్లో కనబడకపోవచ్చు. బెణుకని కట్టు కట్టించి వదిలేస్తే అతక్కపోవచ్చు. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా ఆ రోజు మళ్లీ సైకిల్ ఎక్కకూడదు, నేరుగా ఆస్పత్రికే. మీ ఆరోగ్య బీమా వాళ్లను సైకిల్ పోటీల్లో తగిలిన దెబ్బలకు వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. వృత్తిగా సాహస క్రీడలు ఆడేవాళ్లను చాలా పాలసీలు మినహాయిస్తాయి.

గేర్‌లో డబ్బు మొదట పోయాల్సింది తలకు. లోపల ఈఎన్ 1078 అనో, సీపీఎస్‌సీ అనో భద్రతా ప్రమాణం స్టిక్కర్ ఉన్న హెల్మెట్ సుమారు మూడు నుంచి ఐదువేలకు వస్తుంది. నుదుటి చుట్టూ, కనుబొమలకు వేలెడు పైన టేపుతో కొలిచి సైజు చూడండి. పెట్టుకున్నాక అంచుకు, కనుబొమకు మధ్య రెండు వేళ్లే పట్టాలి. పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలు దూరాలి. పట్టీ పెట్టకుండా తల ఊపితే హెల్మెట్ కదలకూడదు. లోపలి థర్మాకోల్ లాంటి నురగ ఒక్క గట్టి దెబ్బకే నలిగిపోతుంది. పైన గీత కూడా కనబడకపోవచ్చు, అయినా దాని పని అయిపోయినట్టే. అందుకే పాత హెల్మెట్ ఎవరిదగ్గరా కొనొద్దు. ఇంట్లో ఉన్న మోటార్ సైకిల్ హెల్మెట్ పెట్టుకోమనకండి. కిలోకు పైన బరువు, గాలి రాదు. ఎండలో అరగంట కొండెక్కితే వాడే తీసి హ్యాండిల్‌కు తగిలిస్తాడు. కొండ మీంచి కిందికి దూకించే డౌన్‌హిల్ రేసుకైతే మాత్రం దానికోసమే చేసిన, గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ తప్పదు.

మోకాలి ప్యాడ్‌లు మేజోడులా తొడుక్కునేవి తీసుకోండి. స్కేటింగ్ ప్యాడ్‌లు పది నిమిషాలు తొక్కేసరికి చీలమండ దగ్గరికి జారిపోతాయి, పడినప్పుడు మోకాలు ఖాళీగానే ఉంటుంది. తొడ, పిక్క రెండూ కొలిచి సైజు చూడాలి. వేళ్లు మొత్తం కప్పే గ్లవ్స్, తెల్ల అద్దాల కళ్లజోడు (చెట్ల నీడలో నల్ల అద్దాలు పనికిరావు), అడుగు గట్టిగా ఉన్న బూట్లు. ఇదంతా కలిపి మరో ఆరేడు వేలు.

సైకిల్‌కు 50 వేలు దాటొద్దు. 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండేది), హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉంటే రాష్ట్ర స్థాయికి సరిపోతుంది. ఆ ధరలో ముందు చక్రాన్ని పట్టి ఉండే ఫోర్క్‌లో స్ప్రింగే ఉండొచ్చు. వీలైతే గాలి ఫోర్క్ ఉన్నది వెతకండి. స్ప్రింగ్‌ను బరువైన మనుషులను దృష్టిలో పెట్టుకుని బిగిస్తారు, మీవాడు 55, 60 కిలోలుంటే అది సగం కూడా అణగదు. గాలి ఫోర్క్‌లో బరువుకు తగ్గ గాలి కొట్టుకోవచ్చు. ఎక్కి నిలబడినప్పుడు 100 మిల్లీమీటర్ల ఫోర్క్ 20 నుంచి 25 దిగాలి.

మీ వైపు నేలకు ఇంకో రెండు జాగ్రత్తలు. ఉద్దానం ఇసుకలో టైర్‌కు గాలి గట్టిగా కొడితే కూరుకుపోతుంది, ట్యూబ్ ఉన్న టైర్‌లో గాలి మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబ్‌కు పక్కపక్కన రెండు చీలికలు పడతాయి. ట్యూబ్‌తో 28 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టమనండి. ట్యూబ్‌లెస్ చేయిస్తే 22 దాకా దిగొచ్చు, ముళ్ల బాధా తగ్గుతుంది. టైరుకు 100 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పోయాలి, మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, చూసి మళ్లీ పోయాలి. రెండోది చైన్. ఇంజిన్ ఆయిల్ పోస్తే ఇసుక అంటుకుని పళ్లు అరిగిపోతాయి. చైన్ ఆయిల్ ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పైపైది గుడ్డతో తుడిచేయాలి. డిస్క్ మీద తుప్పు మందు స్ప్రే కొట్టారంటే బ్రేక్ ప్యాడ్‌లు నూనె పీల్చేస్తాయి, మార్చడం తప్ప దారి లేదు. వెనక గేరు పట్టి ఉండే హ్యాంగర్ ముక్క, ఆ మోడల్‌దే, ఒకటి అదనంగా కొని సంచిలో పడేయండి. కొన్ని వందల రూపాయల ముక్క వంగిపోతే రేసు అక్కడితో సరి. ఎలుగుబంట్ల సంగతి మీకు నేను చెప్పాలా? తెల్లవారుజామున, మునిమాపున జీడితోటల్లోకి ఒంటరిగా వెళ్లనివ్వకండి. మహేంద్రగిరి వైపు వెళ్తే అటవీ శాఖవాళ్ల అనుమతి అడగాలి.

లక్షా ఎనభైలో మిగిలింది బ్యాంకులో వేయండి. అది వాడి రేసుల ఖర్చు. వాడు లెక్క రాయాలి.

పోలిక అడిగారు కదా. బీటెక్‌తో పోల్చడం కన్నా మన దగ్గరే ఉన్న మరో దారితో పోల్చి చూడండి. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లు ఉన్నారు. ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆ దారిలో ముందు నడిచినవాళ్లున్నారు, ఊళ్లో వ్యాయామశాల ఉంది, నేర్పేవాళ్లున్నారు, కొలువులోకి తీసుకునే శాఖలున్నాయి. మౌంటెన్ బైకింగ్‌కు మన జిల్లాల్లో ఆ గొలుసు ఇంకా పడలేదు. మౌంటెన్ బైక్‌తో కొండదారుల్లో ఎక్కుతూ దిగుతూ సాగే క్రాస్ కంట్రీ 1996 నుంచి ఒలింపిక్ క్రీడే. అయినా మన దేశానికి సైక్లింగ్‌లో పేరు తెచ్చింది ఎక్కువగా ట్రాక్, అంటే వెలోడ్రోమ్‌లో గుండ్రటి బాట మీద తొక్కేది. 2019లో జూనియర్ ప్రపంచ పోటీల్లో టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచింది మన కుర్రాళ్లే. మీవాడి కాళ్లలో నిజంగా సత్తా ఉంటే ట్రాక్, రోడ్ వైపు కూడా పరీక్షించుకోమనండి. ఒక్క కొండదారికే కట్టుబడక్కర్లేదు.

బీటెక్‌లో చేరనివ్వండి, లేదా వాడికి నచ్చిన డిగ్రీలో. దానితో పాటే ఒక ఏడాది తొక్కనివ్వండి. రాష్ట్ర ఎంపిక పోటీలో రేసు పూర్తి చేయగలిగాడా, ముందువాళ్లకు ఎంత దూరంలో ఉన్నాడు, అప్పుడు మాట్లాడుకుందాం. జూనియర్ క్రాస్ కంట్రీ రేసు గంట నుంచి గంటంబావు ఉంటుంది, గంటసేపు గుండె దడదడలాడుతుండగా తొక్కడం రీల్స్‌లో కనబడదు.

ఆ మెసేజ్‌కు ఈ రాత్రే వాడి చేతే ఇలా జవాబు రాయించండి: "నాకు 17 ఏళ్లు. ఒప్పందం మా నాన్నగారితో చేసుకోవాలి. మీరు వస్తువులు ఉచితంగా ఇస్తారా, నేను కొనుక్కోవాలా? ఎంట్రీ ఫీజు, ప్రయాణ ఖర్చు ఇస్తారా? నెలకు ఎన్ని పోస్టులు పెట్టాలి? షరతులు మీ కంపెనీ ఈమెయిల్ నుంచి పంపండి." ఏదైనా అగ్రిమెంటు వస్తే సంతకం పెట్టే ముందు నాకు పంపండి.