డెంగ్యూ తగ్గి నాలుగు నెలలైనా తమ్ముడికి నీరసం, మతిమరుపు. రిపోర్టులన్నీ నార్మల్ అంటున్నారు. ఏం చెయ్యాలి?

ప్లేట్‌లెట్లు పెరిగాయి కాబట్టి జబ్బు తగ్గిపోయినట్టే అని డాక్టరు పంపించేశారని రాశారు. ఇప్పుడున్న బాధకీ ప్లేట్‌లెట్లకీ సంబంధం లేదు. జ్వరం దిగేసరికే రక్తంలో వైరస్ దాదాపు పోతుంది. దాన్ని తరమడానికి ఒళ్లు విడుదల చేసిన సైటోకైన్ల (రక్షణ వ్యవస్థ పంపే రసాయన సంకేతాల) ప్రభావం మాత్రం మెదడు దాకా వెళ్తుంది. అక్కడి రక్షణ కణాలు, అంటే మైక్రోగ్లియా, కొందరిలో నెలల తరబడి సద్దుమణగవనీ, గుండె వేగాన్ని, బీపీని నడిపే నరాలు కూడా గాడి తప్పుతాయనీ పరిశోధకుల్లో చాలామంది అనుమానం. కోవిడ్, చికున్‌గున్యా తర్వాత కూడా ఇలాంటి బాధలే చూస్తున్నాం. ఇది మామూలు ఎంఆర్ఐలో కనపడదు, దానికి తొందరపడి డబ్బు పొయ్యకండి.

ముందు రక్తపరీక్షలు. సీబీపీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), సీఆర్‌పీ (ఒంట్లో వాపు), హెచ్‌బీఏ1సీ (షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ), ఎల్‌ఎఫ్‌టీ (లివర్) చాలు. సీబీపీ, థైరాయిడ్ లాంటివి హైదరాబాద్‌లో అయితే ప్రభుత్వ బస్తీ దవాఖానాలో ఉచితంగానే అవుతాయి. చాలామంది బోల్తా పడేది రెండు చోట్ల. జ్వరం తగ్గగానే అందరికీ బీకాంప్లెక్స్ రాసేస్తారు. అది వాడుతుండగా చేసిన బీ12 రిపోర్టు ఎక్కువే చూపిస్తుంది, లోపం ఉన్నా తెలీదు. ఇక ఫెరిటిన్ డెంగ్యూలో వేలల్లోకి ఎగబాకుతుంది. జ్వరంలో చేసిన రిపోర్టు చూసి ఐరన్ పుష్కలంగా ఉందనుకోకండి, ఇప్పుడు సీఆర్‌పీతో కలిపి మళ్లీ చేయించండి. బీ12 200 నుంచి 300 మధ్య ఉంటే నార్మల్ అని వదిలెయ్యకుండా, బీ12 లోపిస్తే పెరిగే హోమోసిస్టీన్ కూడా చూడమని అడగండి.

తర్వాత ఇంట్లోనే ఒక పరీక్ష. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ సొరుగులో ఉండే ఉంటుంది, దాంతోపాటు చేతికి కట్టే బీపీ మెషీన్ కావాలి. పొద్దున్నే, కాఫీ తాగకముందు, 10 నిమిషాలు పడుకోబెట్టి పల్స్, బీపీ రాసుకోండి. ఆ తర్వాత మడమలు గోడకి ఆరంగుళాల దూరంలో ఉంచి, భుజాలు గోడకి ఆనించి, మాట్లాడకుండా నిలబెట్టండి. నిమిషానికోసారి రెండూ రాయాలి, మొత్తం 10 నిమిషాలు. పక్కన మనిషి ఉండి తీరాలి. కళ్లు తిరిగితే వెంటనే ఆపెయ్యండి. బీపీ పడకుండా పల్స్ 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి అలాగే ఉండిపోతే పాట్స్ (నిలబడగానే గుండె వేగం అతిగా పెరిగే సమస్య) అని అనుమానించాలి. 12 నుంచి 19 ఏళ్ల వాళ్లకైతే 40 పెరగాలి. పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే అది వేరే సమస్య. రక్తం తక్కువగా ఉన్నా, నీళ్లు తాగకపోయినా ఇలాగే కనిపిస్తుంది, అందుకే సీబీపీ ముందు. గుండె వేగం తగ్గించే ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే పల్స్ పెరుగుదల బయటపడదు. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపకండి.

అసలు దెబ్బ తగిలేది బాగున్న రోజునే. ఆ రోజు పెండింగ్ పనులన్నీ ఒకేసారి చేసేస్తాడు, మర్నాడో ఆ మర్నాడో మంచానికి అతుక్కుపోతాడు. ఇలా 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా కూలబడుతుంటే జిమ్, "రోజూ కొంచెం పెంచుతూ వాకింగ్" రెండూ హానే. ఈ తరహా దీర్ఘకాలిక నీరసానికి ఇచ్చే క్రమంగా పెంచే వ్యాయామాన్ని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లోనే సిఫార్సుల్లోంచి తీసేసింది. ఓపిక ఉన్నంతా వాడకుండా మూడింట రెండు వంతుల దగ్గరే ఆపాలి. 20 నిమిషాలు స్క్రీన్, 10 నిమిషాలు కళ్లు మూసుకుని పడక. ఫోన్ చూస్తూ పడుకుంటే అది విశ్రాంతి కాదు. స్నానం స్టూల్ మీద కూర్చుని, గోరువెచ్చని నీళ్లతో. అమీర్‌పేటలో మెట్రో మారి హైటెక్ సిటీ దాకా నిలబడి వెళ్తే ఆ పూట ఓపిక దారిలోనే అయిపోతుంది, కాబట్టి సెలవు కంటే ముందు ఇంటి నుంచి పని అడగమనండి. పాట్స్ తేలితే రోజుకి 2 నుంచి 3 లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ సాయపడతాయి. బీపీ, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఉప్పు జోలికి పోవద్దు.

ఇమ్యూనిటీ పడిపోయిందేమో అని కూడా అడిగారు. ఒంటి రక్షణ వ్యవస్థకి ఉన్న పాత జబ్బుల జ్ఞాపకాన్ని నిజంగా తుడిచేసేది తట్టు: టీకా వేయక తట్టు సోకిన పిల్లల్లో అంతకుముందు ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం పోయాయని 2019లో తేలింది. డెంగ్యూకి ఆ గుణం ఉన్నట్టు ఆధారం లేదు. ఇమ్యూనిటీ బూస్టర్ పొడులు, తిప్పతీగ మాత్రలు మానెయ్యండి; తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. దోమల విషయంలో మాత్రం ఇదివరకటి కంటే జాగ్రత్త, రెండోసారి వేరే రకం డెంగ్యూ వస్తే తీవ్రంగా మారే అవకాశం ఎక్కువ.

ఫిట్స్, మాటల్లో తేడా, ప్రవర్తన ఒక్కసారిగా మారడం, ఒక పక్క బలహీనత, కాళ్ల నుంచి పైకి పాకే నీరసం, తలనొప్పితో మళ్లీ జ్వరం వస్తే పైన చెప్పిన ఇంటి జాగ్రత్తలేవీ పనికిరావు. అదే రోజు నిమ్స్‌కో గాంధీ ఆస్పత్రికో, ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి. అవి లేకపోతే నిలబడి తీసిన పల్స్ కాగితం, రెండు వారాల పనుల డైరీ పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. "నీరసంగా ఉంది" అంటే మల్టీవిటమిన్ రాస్తారు. నిమిషం నిమిషం అంకెలు ముందు పెడితే ఆగి చూస్తారు.