అమ్మవారికి హెచ్‌పీ పెట్టకు అమ్మలూ

అమ్మలూ,

మొన్న రాత్రి మా అప్ప ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఉజ్జోగం మానేసి వీడియో గేమ్ చేస్తాదట. చిన్నప్పుడు అలవాటు చేసింది నువ్వే, ఇప్పుడు చెప్పాల్సిందీ నువ్వే" అని పెట్టేసింది. నిజమే, నెట్ సెంటర్‌లో కుర్చీ మీద రెండు దిండ్లేసి నిన్ను కూర్చోబెట్టిన పాపం నాదే. అందుకే నీ గేమ్ గురించి నువ్వు రాసి పంపిన ఆ నలభై పేజీలూ ఒక్కసారే కూర్చుని చదివాను. బొబ్బిలి యుద్ధం, పైడితల్లి అమ్మవారు, సవర కొండల్లో తిరుగుబాటు, ఆడేవాళ్ళు ఏ పక్షం వైపైనా వెళ్ళొచ్చు అన్నావు చూడు, అక్కడ లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సగం సంతోషంతో, సగం టెన్షన్‌తో.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ఏడాది ఖర్చులకి డబ్బు పక్కన పెట్టాకే రాజీనామా ఇవ్వు. చేసిన పని మూడు చోట్ల దాచు. ముందు ఒక్క ఊరు, ఒక్క గంట ఆట చెయ్యి, ఆ పదహారు ఊళ్ళూ తరవాత. రాత్రి రెండింటికి నాకు మెసేజ్‌లు పెట్టకు, నిద్రపో.

ఇంకొకటుంది, అది మీ అమ్మకి కూడా తెలీదు.

2006లో నేనూ ఒక గేమ్ చేశాను. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర సందులో సెంటర్ నడిపే రోజులు, గంటకి పది రూపాయలు. మధ్యాహ్నం పూట ఖాళీ. ఎవరో ఆర్‌పీజీ మేకర్ అనే, గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ సీడీ ఇస్తే, కోడింగ్ రాకపోయినా ఆరు నెలలు కూర్చుని బొబ్బిలి యుద్ధం చేశాను. ఆడేవాడు బొబ్బిలి సైనికుడు. ఫ్రెంచి బుస్సీ దొర ఫిరంగులు, 1757 జనవరి 24, కోట పడిపోవడం, చివర్న గుడారంలో దూరి విజయరామరాజుని చంపడం. రాజుకి ఎర్రకళ్ళు పెట్టాను. విజయనగరంలో కూర్చుని విజయనగరం రాజుని రాక్షసుణ్ణి చేశానన్న ఆలోచన కూడా రాలేదు, విలన్ ఉండాలి కాబట్టి పెట్టానంతే.

అంతటితో ఆగినా బాగుండేది. పైడితల్లి ఆ రాజుగారి చెల్లెలే కదా, కథలో ఉంటే బాగుంటుందని ఆవిణ్ణి ఆటగాడి వెంట నడిచే పాత్ర చేశాను. హెచ్‌పీ, అంటే ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందో చెప్పే అంకె, 999. మా సెంటర్‌కి వచ్చే గుంటల్లో ఒకడు మహా తెలివైనవాడు, ఆవిణ్ణి ముందు నిలబెడితే మిగతావాళ్ళకి దెబ్బ తగలదని కనిపెట్టాడు. అక్కణ్ణుంచి తోడేళ్ళొచ్చినా, దొంగలొచ్చినా అమ్మవారే ముందు.

ఒక మంగళవారం మీ అమ్మమ్మ గుడికెళ్ళి, నుదుట కుంకంతో, అటునుంచటే నాకు క్యారేజీ తెచ్చింది. సరిగ్గా అప్పుడే తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో "పైడితల్లి పడిపోయింది" అని వచ్చింది. నేను రాసిన మాటే. ఆ గుంటడు నవ్వి, మందు సీసా బటన్ నొక్కి లేపాడు, మళ్ళీ తోడేలు ముందు నిలబెట్టాడు.

"పడిపోయిందేటిరా?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా, హెచ్‌పీ అయిపోయింది."

"హెచ్‌పీ అంటే... గ్యాసా?"

గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను అమ్మలూ. గుంటలు నవ్వడం వేరు, నాకు అప్పటికి ముప్పై ఆరేళ్ళు. క్యారేజీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తిట్టలేదు. రెండు నెలలు సెంటర్ మెట్టెక్కలేదు, అన్నం పాలబ్బాయి చేత పంపేది. పెరుగన్నంలో ఆవకాయ ముక్క మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు, అదే ఎక్కువ బాధ పెట్టేది.

ఆ ఏడాది దసరా వెళ్ళాక మంగళవారం, సిరిమాను తిరుగుతుంటే, జనం అరటిపళ్ళు విసురుతుంటే, నా భుజం పట్టుకుని నిలబడి అంది: "అన్నకి ఆపదని కల్లో తెలిసి, ఆపుదామని బయల్దేరిన పిల్లరా ఆవిడ. అందుకోలేకపోయింది. నువ్వా పిల్లని తోడేళ్ళకి అడ్డం పెట్టావు."

ఇంటికెళ్ళి ఫైల్ తీసేశాను. చాలా ఏళ్ళు, దేవుడి జోలికి వెళ్ళకూడదన్నదే ఆవిడ ఉద్దేశం అనుకున్నాను. నీ పేజీలు చదువుతుంటే ఇప్పుడు వేరేలా అనిపిస్తోంది. ఆవిడ కథ మొత్తం నా చేతిలో పెట్టింది, నేను వినలేదు. అన్నకి కబురందించాలని పరిగెత్తే చెల్లెలు, ఎంత పరిగెత్తినా అందదు. ఆ చేరలేకపోవడం ఆడేవాడికి తెలియాలి. దానికి కత్తీ వద్దు, అంకే వద్దు. సిరిమానుకి కావలసిన చింతమాను ఎక్కడుందో పూజారికి కలలో చెబుతుందంటారు కదా, ఆవిడ మాట్లాడేది అలాగే. నీ ఆటలో కూడా కలల్లోనే రానీ. పుణెవాళ్ళు 2020లో చేసిన 'రాజీ' అనే గేమ్‌లో దుర్గమ్మా విష్ణుమూర్తీ కథ చెబుతూ పైనే ఉంటారు, చూశావుగా.

ఇక పక్షాల సంగతి. నీకు ఇంటర్‌లో మార్కులు తగ్గించిన మారోవిండ్ గేమ్ గుర్తుందా? ముగ్గురు మనుషులు దేవుళ్ళైపోయారు. గుళ్ళో వాళ్ళు చెప్పే కథ ఒకటి, గుడారాల్లో ఉండే ఆష్‌లాండర్లు చెప్పేది ఇంకొకటి, వాళ్ళ పాత నాయకుడు నెరెవర్ అసలెలా చనిపోయాడో ఆట తేల్చదు. నువ్వు రెండు రోజులు నాతో పోట్లాడావు దాని మీద. స్కైరిమ్ గేమ్‌లో టాలోస్ అనే దేవుడి పూజ నిషేధించారని తిరగబడ్డవాళ్ళ మీద మనకి జాలేస్తుంది. తీరా విండ్‌హెల్మ్ వెళ్తే వాళ్ళ ఊళ్ళోనే డార్క్ ఎల్ఫులనే వేరే జాతివాళ్ళు మురికివాడలో బతుకుతుంటారు. నువ్వు రాసిన బొబ్బిలివాళ్ళు మరీ మల్లెపువ్వుల్లా ఉన్నారు. కోటలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ శత్రువుకి చిక్కకూడదని చంపింది సొంతవాళ్ళే. అక్కడి స్మారక స్తంభం దగ్గరికి వెళ్ళు, ఊరికే ఓ గంట కూర్చో. తరవాత ఇక్కడి కోట చూడు. ఆ మంచి-చెడు మీటర్ తీసెయ్. 1985లో వచ్చిన అల్టిమా నాలుగులో చివర్న చంపడానికి విలనే లేడు, ఎనిమిది సుగుణాలు సాధించి అవతారం అవ్వాలి. మాట మనది, కూర్మావతారం గుడి ఉన్న శ్రీకూర్మం మన పక్కనే, ఆట మాత్రం అమెరికావాళ్ళు చేశారు!

నాకు అన్నిటికన్నా భయం నీ మూడో భాగం, ఆ సవర కొండల తిరుగుబాటు. 1757 గురించి ఎవరు ఏమన్నా వాదించుకుని కాఫీ తాగి వెళ్ళిపోతారు. 1967 అక్టోబర్ 31, లేవిడి అలాంటిది కాదు. సభకి వెళ్తున్న గిరిజనులు ఇద్దరు కాల్పుల్లో చనిపోయిన రోజు, అప్పటికి ఆ ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. ఆ తరం మనుషులు ఇంకా ఉన్నారు, రెండు వైపులా. నువ్వు రాసిన సవర అమ్మాయి మూలికలతో గాయాలు మాన్పడం తప్ప ఏమీ చెయ్యదేంటి? ఆమెకి భూమి తగాదా లేదా, కోపం లేదా? గోడ బొమ్మలు అందంగా ఉన్నాయని మెనూ వెనకాల పెట్టావు. అవి వాళ్ళు దేవతల కోసం, పోయిన పెద్దల కోసం వేసేవి. సీతంపేట వెళ్ళు, వేసేవాళ్ళని అడుగు, డబ్బివ్వు, వద్దంటే తీసెయ్. బెదిరిస్తున్నానని అనుకోకు, అర్ధరాత్రి ఎవడో నీకు ఫోన్ చేసి తిడతాడేమోనని నా భయం. తిడితే నా నంబరివ్వు, నేను మాట్లాడతాను.

డబ్బు సంగతి మీ అమ్మకి చెప్పకు, మీ అత్త నేను కలిసి కొంత పక్కన పెట్టాం.

అమ్మమ్మకి నువ్వు చేసేదేంటో చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఇందులో కూడా ఆవిడ పడిపోద్దేటి?" అనడిగింది. నాకు నోరు రాలేదు. ఈసారి సిరిమానుకి వచ్చి నువ్వే చెప్పు.

మీ మావయ్య