మార్నర్ వెగాస్ వెళ్లాడని మీరు అప్పుతో డాలస్ వెళ్లకండి

ప్రశ్న: మిస్సిసాగాలో ఉంటున్నాం. మాకందరికీ కెనడా పౌరసత్వం ఉంది. నాకు డాలస్‌లో ఏడాదికి 1,55,000 అమెరికా డాలర్ల ఉద్యోగం వచ్చింది. టీఎన్ (కెనడా పౌరులకు అమెరికా ఇచ్చే తాత్కాలిక ఉద్యోగ అనుమతి) మీద వెళ్లాలి. మా ఆవిడ ఇక్కడ బ్యాంకులో పనిచేస్తోంది, ఆమె జీతం 62,000 కెనడా డాలర్లు. మా అబ్బాయి హాకీ ఆడతాడు, నాకూ టొరంటో హాకీ జట్టు మేపుల్ లీఫ్స్ అంటే పిచ్చి. మిచ్ మార్నర్ లాంటి సొంత ఊరి ఆటగాడే పన్నులు భరించలేక పన్ను లేని లాస్ వెగాస్‌కి వెళ్లిపోతే మేం ఇక్కడే ఎందుకు ఉండాలి? ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చి, దాని మీద హోమ్ ఈక్విటీ లైన్ ఆఫ్ క్రెడిట్‌లో (ఇంటిని హామీగా పెట్టి తీసుకునే అప్పు) 1,80,000 డాలర్లు తీసి డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఇల్లు కొందామనుకుంటున్నాం. డాలస్‌లో నెల ఖర్చు 6,500 అమెరికా డాలర్లు అవుతుందని అంచనా. చేతిలో పొదుపు 9,000 కెనడా డాలర్లు. పన్ను మిగులుతో అప్పు తీరిపోతుంది కదా?

జవాబు: తీరదు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది కూడా అందుకే. టొరంటో చుట్టుపక్కల ఉంటూ డాలస్ వైపు చూసే మనవాళ్ల లెక్కల్లో ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. రెండు చోట్ల పన్ను రేట్లు పక్కపక్కన రాసుకుంటారు, తేడా అంతా చేతికొచ్చిన సొమ్మే అనుకుంటారు, ఇంకా రాని ఆ సొమ్మును నమ్ముకుని ఇప్పుడే అప్పు చేస్తారు. మీరు దీనికి హాకీ ఆటగాళ్లను సాక్ష్యంగా తెచ్చారు. ముందు ఆ సాక్ష్యం సంగతే చూద్దాం, ఎందుకంటే వాళ్లు చేసింది మీరనుకుంటున్నది కాదు.

మార్నర్ టొరంటో పక్కనే మార్కమ్‌లో పుట్టాడు. 2024-25 సీజన్‌లో 102 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) చేశాడు, అతని కెరీర్‌లోనే అవి ఎక్కువ. కానీ 2025 మే 18న ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో, సొంత మైదానంలో, ప్లేఆఫ్ సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్‌లో లీఫ్స్ 6-1తో ఓడిపోయారు. అభిమానులు జెర్సీలు విప్పి ఐస్ మీదకు విసిరారు. మార్నర్ ఇంటి చిరునామా సోషల్ మీడియాలోకి ఎక్కింది, బెదిరింపులొచ్చాయి, ఇంటి దగ్గర 24 గంటలూ కాపలా పెట్టుకోవాల్సి వచ్చిందని తర్వాత అతనే చెప్పాడు. ఆ వేసవిలోనే ఎనిమిదేళ్లకు 9.6 కోట్ల డాలర్ల ఒప్పందంతో వెగాస్ చేరాడు. అదే ఏడాది మార్చిలో కరోలినా జట్టుకు పంపుతామంటే మాత్రం, ఒప్పందంలో ఉన్న నో-మూవ్ క్లాజ్ (ఆటగాడు ఒప్పుకోకుండా వేరే జట్టుకు పంపకూడదన్న షరతు) వాడుకుని వెళ్లనన్నాడు. నార్త్ కరోలినాలో పన్ను ఒంటారియోతో పోలిస్తే చాలా తక్కువ. పన్నే కారణమైతే ఆ రోజే పెట్టె సర్దుకునేవాడు. అప్పటికి ఇంట్లో బిడ్డ పుట్టబోతోంది.

పన్ను మాట అబద్ధమని కాదు. హాకీలో అది నిజంగానే లెక్కలోకి వస్తుంది, దానికి కారణం శాలరీ క్యాప్. 2005కు ముందు టొరంటో లాంటి డబ్బున్న జట్టు ఎంతైనా ఇచ్చేది. ఇప్పుడు ఏ జట్టయినా జీతాల్లో ఒకే గరిష్ఠ మొత్తాన్ని దాటకూడదు, 2025-26కి అది 9.55 కోట్ల డాలర్లు. టికెట్లు ఎంత ధరకు అమ్ముడైనా, ఊరంతా హాకీతో ఊగిపోయినా, ఆ అభిమానం ఆటగాడి జీతంగా మారే దారి మూసుకుపోయింది. ఒత్తిడి మాత్రం పూర్తిగా అతనికే. ఏ జట్టయినా ఇచ్చేది దాదాపు ఒకటే అయినప్పుడు ఆటగాడు మిగతావి చూస్తాడు: పన్ను, ఎండ, కిరాణా కొట్టుకు వెళ్తే ఎవరూ ఆపి నిలదీయని ప్రశాంతత, పిల్లల బడి. ఫ్లోరిడా, టెక్సస్, నెవాడా, టెనెసీ, వాషింగ్టన్ రాష్ట్రాల్లోని ఆరు జట్లకు ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదు. అక్కడ పైస్థాయి ఫెడరల్ రేటు 37 శాతం, ఒంటారియోలో పైరేటు 53.53 శాతం. కోటి డాలర్లు సంపాదించేవాడికి ఈ తేడా చాలా పెద్దది. 2016లో మార్కమ్ కుర్రాడే అయిన స్టీవెన్ స్టామ్‌కోస్ టొరంటో పిలుపు కాదని టాంపాలోనే ఏడాదికి 85 లక్షలకు సంతకం చేసినప్పుడు అందరూ ఈ లెక్కే వేశారు.

కానీ ఈ 53.53 శాతం ఏడాదికి సుమారు రెండున్నర లక్షల కెనడా డాలర్లు దాటిన ఆదాయానికే. మీ కొత్త జీతం కూడా ఆ గీత దాటదు. పైగా వెగాస్ ఆటగాడు కాలిఫోర్నియా వెళ్లి ఆడిన రోజులకు అక్కడి పన్ను అక్కడ కట్టాల్సిందే. సీజన్ మ్యాచ్‌ల్లో సగం బయటి ఊళ్లలోనే కదా. ఇంకొకటి, పాంథర్స్ 2024, 2025లో వరుసగా స్టాన్లీ కప్ గెలిచారు కాబట్టి పన్ను లేకపోవడమే కారణమంటున్నారు. అదే పాంథర్స్ 2000 తర్వాత మళ్లీ 2012 దాకా ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. అప్పుడూ ఫ్లోరిడాలో రాష్ట్ర పన్ను లేదు.

హాకీ పిచ్చి ఉన్న ఊళ్లనుంచి ఆటగాళ్లు ఎందుకు పారిపోతారో తెలియాలంటే మాంట్రియల్ చూడాలి. 1995 డిసెంబర్ 2న డెట్రాయిట్ చేతిలో 11-1తో ఓడుతున్న మ్యాచ్‌లో మాంట్రియల్ గోల్‌కీపర్ పాట్రిక్ రాయ్ తొమ్మిది గోల్స్ ఇచ్చాడు. ఒక సులువైన షాట్ ఆపితే సొంత అభిమానులే వెటకారంగా చప్పట్లు కొట్టారు. ఆ ఊరికి రెండు కప్పులు తెచ్చినవాడు అతను. మైదానం వదులుతూ క్లబ్ అధ్యక్షుడి దగ్గర వంగి, మాంట్రియల్‌కి ఇదే నా ఆఖరి మ్యాచ్ అని చెప్పేశాడు. నాలుగు రోజుల్లో కొలరాడో చేరాడు, 1996 వేసవిలో అక్కడ కప్ ఎత్తాడు. క్యూబెక్‌లోనే పుట్టిన జొనాథన్ డ్రువాన్ కూడా మాంట్రియల్‌లో ఆడుతూ ఆందోళనతో, నిద్రలేమితో బాధపడి 2021లో ఆటకు విరామం తీసుకున్నాడు. ఏడాదికి 55 లక్షలు తీసుకున్న ఆ ఆటగాడు 2023లో 8,25,000 డాలర్లకే కొలరాడో వెళ్లి, మరుసటి సీజన్‌లో తన కెరీర్‌లోనే ఎక్కువగా 56 పాయింట్లు చేశాడు. కొలరాడోలో రాష్ట్ర ఆదాయ పన్ను ఉంది. వాళ్లిద్దరూ వెతుక్కున్నది మనశ్శాంతి.

కావాలని వచ్చేవాళ్లూ ఉన్నారు. మీ మిస్సిసాగాలో పుట్టిన జాన్ తవారెస్ 2018లో ఏడేళ్లకు 7.7 కోట్లకు లీఫ్స్‌లో చేరుతూ, చిన్నప్పుడు లీఫ్స్ దుప్పటి కప్పుకుని పడుకున్న ఫోటో అందరికీ చూపించాడు. 2025లో ఆ ఒప్పందం ముగిశాక ఏడాదికి 1.1 కోట్ల స్థానంలో సుమారు 44 లక్షలకే నాలుగేళ్లు ఉండిపోయాడు. కానర్ మెక్‌డేవిడ్ 2025 అక్టోబర్‌లో ఎడ్మంటన్‌లో రెండేళ్లకు పాత జీతానికే, ఏడాదికి 1.25 కోట్లకే, సంతకం చేశాడు, జట్టుకు మిగతా ఆటగాళ్లను కొనే చోటు ఉండాలని. వాళ్లకు ఆ ఊరి ప్రేమ విలువ తెలుసు. కప్ గెలిస్తే ఆ ఊరు తరాలపాటు మర్చిపోదు. టొరంటో 1967 నుంచి ఎదురుచూస్తోంది.

తవారెస్ సంగతిలో మీరు గమనించాల్సింది ఒకటుంది. 2018లో అతనికి ఇచ్చిన 1.525 కోట్ల సైనింగ్ బోనస్‌కు (సంతకం చేసినందుకు ఇచ్చే సొమ్ము) కెనడా-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం కడితే చాలని అతని సలహాదారులు లెక్కేశారు. కెనడా రెవెన్యూ ఏజెన్సీ అది జీతమేనని ఇంకా లక్షల డాలర్లు అడిగింది. వ్యవహారం టాక్స్ కోర్టుకు వెళ్లింది. అంత ఖరీదైన సలహాదారులున్నవాడి పన్ను మిగులే ఇన్నేళ్ల తర్వాత ఇలా ప్రశ్నలో పడితే, కాగితం మీద మీరు రాసుకున్న మిగులును నమ్మి రెండో ఇల్లు ఎలా కొంటారు?

ఇప్పుడు మీకూ వాళ్లకూ ఉన్న అసలు తేడా. ఆటగాడు ఊరు మారినా, ఊరిలో ఉన్నా, అతని ఒప్పందం గ్యారంటీ. సైనింగ్ బోనస్ జూలై 1న ఖాతాలో పడుతుంది, జట్టు తర్వాత వద్దనుకున్నా ఆ డబ్బు పోదు. 26 ఏళ్లు నిండిన ఆటగాడిని బయౌట్ చేస్తే (ఒప్పందం మధ్యలో డబ్బిచ్చి వదిలించుకుంటే) మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన కాలానికి రెట్టింపు కాలంలో, చెల్లించాల్సిందే. మార్నర్ ధైర్యంగా వెళ్లగలిగాడంటే, అంతకుముందు వెళ్లనని చెప్పగలిగాడంటే, ఈ భద్రత ఉండబట్టే. మీ ఆఫర్ లెటర్‌లో ఏముంది? ఏ రోజైనా తీసేయవచ్చనే ఉంటుంది. జాయినింగ్ బోనస్ ఇస్తున్నారంటే ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న వాక్యం కూడా ఉండి ఉంటుంది, ఇంకోసారి చదవండి. కోపం తెచ్చుకోకండి, మీ ప్లాన్ పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది.

టీఎన్ మీద ఉద్యోగం పోతే మీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు కొత్త ఉద్యోగం, కొత్త కాగితాలు రావాలి, లేదా కుటుంబమంతా సరిహద్దు దాటి వెనక్కి రావాలి. మీ ఆవిడకు వచ్చే టీడీ (టీఎన్ ఉన్నవారి కుటుంబానికిచ్చే అనుమతి) మీద పని చేయడానికి వీల్లేదు. అంటే మీ ఇంటి రెండో జీతం, సుమారు 45,000 అమెరికా డాలర్లు, మీరు బయల్దేరిన రోజే ఆగిపోతుంది. మీ లెక్కలో ఆ వరుసే లేదు. మీకు మిగిలే పన్ను దాని దరిదాపులకు రాదు. ఒంటారియో వదిలితే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఓహిప్ కూడా ఉండదు. ఉద్యోగంతో వచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. కోబ్రా అనే అమెరికా చట్టం కింద 18 నెలలు కొనసాగించుకోవచ్చు గానీ కంపెనీ కట్టే వాటా కూడా కలిపి, దానిపై 2 శాతం అదనంగా, మొత్తం ప్రీమియం మీరే కట్టాలి. ఆ చెక్కు సరిగ్గా జీతం రాని నెలలోనే రాయాల్సి వస్తుంది.

అందుకే డాలస్ మంచిదా, టొరంటో మంచిదా అన్నది నాకు తర్వాతి ప్రశ్న. మీ దగ్గర అత్యవసర నిధి లేదు. తొమ్మిది వేల కెనడా డాలర్లు అంటే మీ అంచనా ప్రకారమే ఫ్రిస్కోలో ఒక నెల. ఒకే జీతం, 60 రోజుల గడువు, పరాయి దేశం, ఎదిగే పిల్లాడు ఉన్న ఇంటికి ఆరు నెలల నిధి కూడా నాకు సరిపోదు. పన్నెండు నెలలు ఉండాలి. నెలకు 6,500 చొప్పున 78,000 అమెరికా డాలర్లు, అమెరికా ఖాతాలోనే, అడిగిన రోజు తీసుకునేలా ఉండాలి. షేర్లలో కాదు, ఆర్‌ఆర్‌ఎస్‌పీలో (కెనడా రిటైర్మెంట్ పొదుపు ఖాతా) కాదు, క్రెడిట్ లైన్ లిమిట్‌గా అసలే కాదు. అది పోగయ్యేదాకా ఫ్రిస్కోలో ఇళ్లు చూడటానికి కూడా వెళ్లొద్దు. అబ్బాయి హాకీ ఫీజులు, ప్రయాణాలు ఆ 6,500లో ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. టెక్సస్‌లో ఆడుకోవడానికి ఐస్ రింక్ దొరకడం టొరంటో అంత సులువు కాదు.

హోమ్ ఈక్విటీ లైన్ మాటకొస్తే, ఇంతకంటే మెత్తగా చెప్పలేను: తీయకండి. దాని వడ్డీ మారుతుంది, బ్యాంకు ఏ రోజైనా వెనక్కి అడగొచ్చు. మీరు కెనడా వదిలాక ఆ ఇంటి అద్దెలో 25 శాతం పన్ను కింద ముందే పట్టుకుంటారు. ఫ్రిస్కో వైపు ఇంటి పన్ను ఏటా ఇంటి విలువలో ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా ఉంటుంది, వడగళ్ల వానల వల్ల ఇంటి బీమా కూడా బరువే. రాష్ట్రం ఆదాయం మీద వదిలిన పన్నులో కొంత ఇంటి మీద వసూలవుతుంది. కోట్లు సంపాదించిన హాకీ ఆటగాళ్లే అప్పుతో మునిగిపోయారు. జాక్ జాన్సన్ పేరు మీద అతని తల్లిదండ్రులే రాబోయే జీతాలు చూపించి ఎక్కువ వడ్డీకి అప్పులు తెచ్చారు, 2014లో అతను దివాలా దాఖలు చేయాల్సి వచ్చింది. ఎవాండర్ కేన్ 2021 జనవరిలో 2.68 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా కోరాడు. గ్యారంటీ ఒప్పందాలున్నవాళ్ల గతే అదైతే, రాబోయే జీతాన్ని చూపించి రెండు దేశాల్లో రెండు ఇళ్ల అప్పు మోయాలనే ఆలోచన మీకు ఎక్కడిది?

జీతం పెద్దదే, కాదనను. వెళ్లాలనే ఉంటే కెనడా నివాసిగా ఉన్నప్పుడే మిస్సిసాగా ఇల్లు అమ్మండి, సొంత నివాసం లాభానికి పన్ను ఉండదు. వచ్చిన డబ్బులో ముందు ఆ 78,000 పక్కన పెట్టి, డాలస్‌లో అద్దెకు ఉండండి. లేదా మీరొక్కరే ముందు ఏడాది వెళ్లి, ఆవిడ ఉద్యోగం, ఇల్లు అలాగే ఉంచండి. అప్పుడు కెనడా పన్ను మీ వెంటే వచ్చే అవకాశం ఉంది, పన్ను ఆదా సంగతి వదిలేయండి, కానీ వెనక్కి రావడానికి ఇల్లుంటుంది. వెళ్లకపోయినా తప్పేం లేదు.

ఇద్దరి మీదా టర్మ్ బీమా ఇప్పుడే, కెనడాలో ఉండగానే, వెళ్లే ఆలోచన దాచకుండా రాసి తీసుకోండి. ఆవిడ జీతం ఆగినా పిల్లాడిని చూసుకునేది ఆవిడే కాబట్టి ఆమె పాలసీ తగ్గించవద్దు. కొత్త కంపెనీకి ఈ వారమే ఉత్తరం రాయండి: తరలింపు ఖర్చులు ఎంత ఇస్తారు, మొదటి రోజునుంచే ఆరోగ్య బీమా ఉంటుందా, తీసేస్తే ఎన్ని వారాల జీతం ఇస్తారు. మూడు జవాబులూ కాగితం మీద వచ్చాకే ఇల్లు అమ్మకానికి పెట్టండి. బ్యాంకులో క్రెడిట్ లైన్ దరఖాస్తు ఇప్పటికే ఇచ్చి ఉంటే రేపు వెళ్లి వెనక్కి తీసుకోండి.