ప్రార్థన చేస్తున్నా భయం పోకపోతే విశ్వాసం లేనట్టేనా?

చావు భయంతో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదనీ, ఉపవాస ప్రార్థనలు చేసినా ఆ భయం వదలడం లేదనీ రాశారు. ఇది విశ్వాసం లేకపోవడమేనా, డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టు అవుతుందా అని అడిగారు. రెండు ప్రశ్నలకూ నా జవాబు 'కాదు' అనే. నేను వేదాంతం చదివినదాన్ని కాదు, వైద్యురాలినీ కాదు. అదే భయంతో కొంతకాలం కాపురం చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

మా నాన్న 2021 మే నెలలో, కరోనా రెండో విడతలో కన్నుమూశారు. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మని డాక్టర్లు చెప్పినందువల్ల, ఆయన ఇంట్లో ఉన్నన్ని రోజులూ వేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలించి అంకె చూసి కాగితం మీద రాసే పని నాదే. ఆయన వెళ్లిపోయిన తరువాత ఆ పరికరం నా వేలికి వచ్చింది. అందరూ పడుకున్నాక దుప్పటి కింద దాన్ని పెట్టుకుంటే 98 అని కనిపించేది, ప్రాణం కుదుటపడేది, కాసేపటికే వేలు సరిగా పెట్టానో లేదో అన్న అనుమానం మొదలయ్యేది. ఆదివారం ఆరాధనలో అందరూ నిలబడి పాడుతుంటే నేను పాటల పుస్తకం చాటున మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకునేదాన్ని. ఊపిరి అందనట్టు అనిపించడం, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం, కళ్లు తిరగడం, ఇక ఈ రాత్రి దాటదని గట్టిగా అనిపించడం, ఇవన్నీ మీరు రాసిన లక్షణాలే.

ఆ సమయంలో నన్ను భయం కంటే ఎక్కువగా కుంగదీసింది, మంచి మనసుతోనే అయినా, ప్రార్థన కూటంలో కొందరు చెప్పిన మాట. దేవుడు మనకు పిరికితనముగల ఆత్మ నివ్వలేదని అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాశాడు కాబట్టి, భయపడేవారిలో విశ్వాసం లేదని వారి వాదన. దానితో ఉన్న భయానికి ఇంకొకటి తోడైంది: భయపడుతున్నందుకు దేవుడు నన్ను విడిచిపెడతాడేమో అని. అదే పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో "వెలుపట పోరాటములు, లోపట భయములు ఉండెను" అని తన సంగతి తానే చెప్పుకున్నాడన్న విషయం నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. బైబిలులో 'భయపడకుము' అనే మాట సరిగ్గా 365 సార్లు, రోజుకొకటి చొప్పున, ఉందని మనవాళ్లు తరచూ చెబుతుంటారు. లెక్కపెడితే అంత రాదు. కానీ ఆ మాట ఎవరితో చెప్పబడిందో చూడండి: ఎర్రసముద్రం ముందు చిక్కుకున్న ఇశ్రాయేలీయులతో, పొలంలో వణికిపోతున్న గొల్లలతో, కూతురు చనిపోయిందన్న కబురు అప్పుడే విన్న యాయీరుతో. వీళ్లలో ఒక్కరినీ భయపడినందుకు దేవుడు తోసివేయలేదు. భయంలో ఉన్నవాళ్ల దగ్గరికే ఆ మాట వచ్చింది.

మా సంఘ కాపరి అయ్యగారు ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, ప్రసంగం ఏమీ చేయకుండా, 56వ కీర్తన తీసి నన్నే చదవమన్నారు. ఫిలిష్తీయులు దావీదును గాతులో పట్టుకున్నప్పటిదని ఆ కీర్తన మీదే రాసి ఉంటుంది. మూడవ వచనంలో "నాకు భయము కలుగు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అన్న దావీదు, ఆ వెంటనే నాలుగవ వచనంలో "నేను భయపడను" అంటాడు. ఒకే నోట, పక్కపక్కనే ఈ రెండు మాటలూ ఉన్నాయి. భయం పూర్తిగా పోయిన తరువాతనే దేవుని దగ్గరికి రావాలని నేను అనుకుంటూ ఉన్నాను. దావీదు భయాన్ని వెంటబెట్టుకునే వచ్చాడు. ఆ రాత్రి నుంచి నా ప్రార్థన మారింది. 'ప్రభువా, నాకు భయం లేదు' అని నా చేత నేను బలవంతంగా పలికించుకోవడం మానేసి, 'ప్రభువా, మళ్లీ ఊపిరి ఆడనట్టు ఉంది, నాన్నలాగే పోతానేమోనని ఉంది' అని ఉన్నది ఉన్నట్టు పైకి చెప్పి, ఆ మూడవ వచనాన్ని నిదానంగా, ఒక్కొక్క మాటకూ ఊపిరి పూర్తిగా వదులుతూ చదివేదాన్ని.

ఆయన ఇంకొక మాట కూడా అన్నారు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు విభ్రాంతి నొందాడని మార్కు తన సువార్తలో దాచకుండా రాశాడు. ఆ వేదనలో ప్రభువు ముగ్గురు శిష్యులను మెలకువగా ఉండమని అడిగాడు. ప్రభువే తోడు అడిగినప్పుడు నేను అడగడానికి సిగ్గుపడనవసరం లేదనిపించి, మా సంఘంలోని స్త్రీల కూటమైన స్త్రీల మైత్రిలో నాకంటే పెద్దావిడ ఒకరికి అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, ఉపదేశించలేదు. ఆక్సీమీటరు ఇమ్మని తన సంచిలో వేసుకుని, "చెల్లె, ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్యి, ఎత్తుతా" అన్నది. చేసినప్పుడల్లా ఎత్తింది కూడా. ఎక్కువ మాట్లాడేది కాదు, 56వ కీర్తన చదివి, నేను 'ఆమేన్' అనేదాకా ఉండేది. విశ్వాసం అంటే నేనూ దేవుడూ మాత్రమే ఉండే వ్యవహారం అనుకునేవారికి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: సంఘం లేకుండా నేను ఆ పరికరాన్ని వదిలి ఉండలేకపోయేదాన్ని.

మాది మెదక్ ప్రాంతం, వెస్లియన్ మిషనరీల చేత సువార్త విన్న కుటుంబం. అందుకే ఆ మిషనరీల మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ జీవితంలోని ఒక సంగతి నాకు ఎంతో ఆదరణ ఇచ్చింది. 1736 జనవరిలో, జార్జియాకు వెళ్తున్న ఓడను పెద్ద తుఫాను పట్టినప్పుడు, అప్పటికే అభిషేకం పొందిన గురువైన వెస్లీ చావుకు భయపడ్డాడు; అదే ఓడలోని మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ క్రైస్తవులు మాత్రం కీర్తన పాడుతూనే ఉన్నారు. తరువాత అతడు వారిలో ఒకరిని అడిగితే, తమ స్త్రీలూ పిల్లలూ కూడా చావుకు భయపడరని జవాబు వచ్చింది. 1738 మే 24న లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో తన హృదయం వెచ్చనైందని అతడు రాసుకున్న మాట చాలామందికి తెలుసు. కానీ అదే రాత్రి ఇంటికి వెళ్లాక శోధనలు మళ్లీ మళ్లీ వచ్చాయని కూడా అతడు రాశాడు, ఆ భాగాన్ని మన ప్రసంగాలలో తక్కువగా వింటాం. మీకు భయం తిరిగి వస్తున్నదంటే మీ ప్రార్థన వ్యర్థమైందని కాదు.

ఇక చావు సంగతి. 'నీకేమీ కాదు' అన్న మాట నాకు ఎప్పుడూ పనిచేయలేదు, ఎందుకంటే నాన్నకు కూడా మేము అదే చెప్పాము. మొదటి సంవత్సరం ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో జరిగే ఆరాధనకు నేను వెళ్లలేకపోయాను. మరుసటి ఏడు వెళ్లాను. సున్నం వేసిన నాన్న సమాధి మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి, చేతికి మైనం అంటుకుంది, అందరితో కలిసి విశ్వాస ప్రమాణం చెబుతూ "శరీర పునరుత్థానమును" అన్న చోట నా గొంతు ఆగింది. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ఆ మాట మొదటిసారి ఒక మనిషిని గురించి, మట్టిలో ఉన్న మా నాన్నను గురించి చెబుతున్నట్టు వినబడింది. నా ఊపిరి ఆగదని క్రీస్తు మాట ఇవ్వలేదు. ఆగిన రోజున నేను ఎవరి చేతిలో ఉంటానో ఆ మాట చెప్పింది. అది నమ్మగలిగిన రోజున అంకె చూసుకోవలసిన అవసరం తగ్గింది, నమ్మలేని రోజున "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని, జబ్బుపడిన కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన సువార్తలోని తండ్రి చేసిన ప్రార్థననే చేసుకుంటున్నాను.

మాత్రల విషయం. నన్ను చూసిన మానసిక వైద్యురాలు ఓపికగా వివరించిన దాని ప్రకారం, భయం ముంచుకొచ్చినప్పుడు మనం తెలియకుండానే వేగంగా శ్వాస తీస్తాం, దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఆక్సిజన్ మాత్రం సరిపడా ఉంటుంది. అందుకే అంత గిలగిలలాడుతున్నా 98 కనిపించేది. మాటిమాటికీ పరీక్షించుకోవడమే ఆ భయాన్ని పెంచుతుందనీ, కొద్దికొద్దిగా మానడమే చికిత్సలో భాగమనీ ఆమె చెప్పారు. కొన్ని నెలలు మాత్రలు కూడా వాడాను. కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకొమ్మని తిమోతికి సలహా ఇచ్చిన పౌలు, దానిని అవిశ్వాసంగా భావించలేదు.

కాబట్టి మీ మాత్రలను ఎవరి మాట మీదా ఉన్నట్టుండి మానకండి. తగ్గించాలన్నా ఆపాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి. గుండెకు, ఊపిరితిత్తులకు సంబంధించిన పరీక్షలు ఇంకా చేయించుకోకపోతే ఒకసారి చేయించుకోండి. మీ అయ్యగారికి మాత్రల సంగతి, మీ డాక్టరుకు ప్రార్థన సంగతి దాచకుండా చెప్పండి. దగ్గరలో మానసిక వైద్యులు లేకపోతే ఫోనులో మానసిక సహాయం అందించే ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకడం వద్దు అనిపించేంతగా భయం పెరిగితే మాత్రం ఉదయం దాకా ఆగకుండా ఇంట్లో ఒకరిని లేపి, ఆ నంబరుకు ఫోన్ చేయండి.