బియ్యం సంచీ ఇచ్చాక

పెరంబూరు, చెన్నై

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ చర్చి సంఘంలో సహాయ నిధి లెక్కలు నీ చేతికి వచ్చాయని తెలిసి సంతోషించాను, కాస్త భయపడ్డాను కూడా. క్రిస్మస్‌కు నలభై ఇళ్లకు పది కిలోల బియ్యం, చీర, తర్వాత అందరితో ఫొటో అని రాశావు. బియ్యం ఇవ్వు. చీర నీ ఇష్టం. ఫొటో మాత్రం వద్దు. ఆదివారం మన పక్క బెంచీలో కూర్చుని మనకంటే బాగా పాడే మనిషిని సోమవారం ఫోనులో బీదదానిగా చూపించడం నాకు నచ్చదు.

ఆ నలభై పేర్లు రాసుకున్నావు కదా, ఒక్కొక్క పేరు ఎదురుగా ఇంట్లో బియ్యం ఎందుకు తక్కువైందో కూడా రాయి. కొన్నిచోట్ల కూలి చాలదు, కొన్నిచోట్ల తాగుడు. కానీ నేను చూసిన చాలా ఇళ్లలో కారణం వేరు. సర్కారు ఇస్తానన్నది వాళ్లదాకా రాలేదు. రేషన్ కార్డు ఆంధ్రలోని ఊళ్లో, మనిషి ఇక్కడ చెన్నైలో. అలాంటి ఇంటికి నీ పది కిలోలు పది రోజులు వస్తాయి. పదకొండో రోజున ఆమె మళ్లీ నీ గుమ్మంలోనే ఉంటుంది, నువ్వు విసుక్కుంటావు. నేను విసుక్కున్నాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ఆంధ్ర కార్డుల సంగతి తెలుసుకో. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' 2020 అక్టోబరు నుంచి తమిళనాడులోనూ ఉంది. ఊరి కార్డుతో ఇక్కడి దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. కానీ అందరికీ కాదు. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డులకే ఆ సౌకర్యం. ఆంధ్రలో రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులు కూడా లక్షల్లో ఉన్నాయి, అవి సరిహద్దు దాటితే పనిచేయవు. చూడటానికి రెండూ బియ్యం కార్డులే. దుకాణంవాడు 'లేదు' అంటే మనవాళ్లు తెలుగువాళ్లమని తరిమేశాడనుకుని తిట్టుకుంటూ వచ్చేస్తారు. ఏ రకం కార్డో ముందే కనుక్కుంటే సగం తిట్లు తగ్గుతాయి. రేషన్ సహాయ నంబరు 14445కు ఫోను చేసి అడగవచ్చు.

అలాగని ఊరి కార్డులో పేరు తీయించి ఇక్కడ కొత్త కార్డు పెట్టించేయమని తొందరపడి సలహా చెప్పకు. ఈ తప్పు నేనే చేశాను. మా సంఘంలో ఒక విధవరాలు, కావలి దగ్గర పల్లె. కొడుకుతో ఇక్కడే ఉంటుంది కదా అని పేరు తీయించమన్నాను. ఊళ్లో పేరు వారంలో పోయింది. ఇక్కడ కార్డు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అటు ఊళ్లో పింఛను ఆగింది, ఇటు బియ్యం లేదు. ఆ ఎనిమిది నెలలూ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు, ఇక్కడ 2023లో పెంచాక 1,200 అయింది. ఒకటో తేదీకి ముసలివాళ్లు గూడూరు బండి ఎందుకెక్కుతారో ఇప్పుడు అర్థమైందా? రెండుచోట్లా తీసుకోవడం తప్పు, ఆ దారి ఎవరికీ చూపించకు. కానీ ఇంట్లో ఎవరు నిజంగా ఎక్కడ ఉంటున్నారు, ఏది పోతుంది, ఏది వస్తుంది అని కాగితం మీద లెక్కవేసి వాళ్ల ముందు పెట్టు. నిర్ణయం వాళ్లది.

ఇక వేలిముద్రలు. చీపురు, సిమెంటు, సబ్బునీళ్లలో బతికిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి, రేషన్ దుకాణంలో యంత్రం గుర్తించదు. కార్డులో పేరున్న ఇంకెవరైనా వెళ్లి వేలు పెట్టవచ్చు, ఆధార్ కేంద్రంలో ముద్రలు కొత్తగా తీయించవచ్చు. ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పక నెలల తరబడి బియ్యం వదులుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

అర్జీ తమిళంలోనే రాయించు. తెలుగు వస్తే చాలదా అని నీకు పౌరుషం ఉండవచ్చు, అక్కడ పనికిరాదు. మన పిల్లల్లో తమిళం చదువుకున్నవాళ్లను ఇద్దరిని పట్టుకో. అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయం మళ్లీ చదువు. అక్కడా గొడవ ఇదే, వేరే భాష మాట్లాడే విధవరాండ్రు రోజువారీ పంపకంలో వెనకబడిపోయారు. పెద్దలు ప్రసంగం చేసి ఊరుకోలేదు, ఆ పనికే ఏడుగురిని నియమించారు. నీకు ఏడుగురు దొరకరు, ముగ్గురు దొరికితే అదృష్టం.

ఇచ్చిన ప్రతి అర్జీకి రసీదు తీసుకో, తేదీతో పుస్తకంలో ఎక్కించు. చెన్నైలో రేషన్ ఫిర్యాదులకు నెలలో రెండో శనివారం మండల (జోన్) కార్యాలయాల్లో శిబిరం పెడతారు. ఒక్కొక్కరుగా వెళ్తే 'రేపు రా' అంటారు, పదిమంది ఒకే పుస్తకంతో వెళ్తే కుర్చీ చూపిస్తారు. బయట నిలబడే దళారీకి రూపాయి ఇవ్వకు. అక్కడి గుమాస్తా మీద అరవకు. నేను రైల్వేలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాను, అరిచినవాళ్ల కాగితాలు ఎక్కడ పెడతామో నాకు తెలుసు.

సహాయం జాబితా గోడకు అంటించవద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. గోడ మీద పేరు ఎవరి కంట పడి ఎవరి ఎస్సీ ధ్రువపత్రానికి చుట్టుకుంటుందో తెలియదు. ఆ విషయం అడిగితే నువ్వు సలహా చెప్పకు, వకీలు దగ్గరకు పంపు.

గుడికి రానివాళ్లకు ఇవ్వాలా అని అడిగావు. 1876-78 నాటి ధాత కరవు రోజుల్లో ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని వచ్చిన గుంపులను మాత్రం కరవు సహాయం ముగిసేదాకా ఆపాడు, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆ తర్వాత 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మీ గుడి వెనక మురుగుతో పారేది ఆ కాలువే. బియ్యం సంచీ పట్టుకుని నిలబడినప్పుడు హాజరు పుస్తకం ఇంట్లో పెట్టి రా.

పాస్టరుగారు నెమ్మదస్తులు, అడ్డుచెప్పరు. కోశాధికారి మాత్రం ఆటో ఖర్చులకు డబ్బు ఎందుకంటారు, బియ్యం ఖర్చులోనే కలిపి ముందే అడిగిపెట్టు.

వచ్చే రెండో శనివారం తొమ్మిదిన్నరకు పెరంబూరు స్టేషన్ బయట ఉంటాను. నువ్వు రాసిన ఆ ముసలామెను తీసుకురా. కార్డు అసలు, ఆధార్ నకళ్లు రెండు, ఆమెకు తాగడానికి నీళ్లు.

మామయ్య