ఒడియా బ్రెయిలీ చదివిన కవి తెలుగు కవిత చదవగలడా?

పర్లాకిమిడిలో ఒడియా మాధ్యమంలో చదివిన అంధ యువకుడు తెలుగు కవితలు రాసి సభలో చదవాలంటే బ్రెయిలీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా అని అడిగారు. అక్కర్లేదు. భారతీయ భాషలకు ఉమ్మడిగా ఉన్న 1951 నాటి భారతి బ్రెయిలీ లిపి ధ్వనిని బట్టి నడుస్తుంది. కంటికి పొంతన లేని ఒడియా ‘క’, తెలుగు ‘క’ వేలికి ఒక్కటే: బ్రెయిలీ గడిలోని ఆరు చుక్కల్లో 1, 3 చుక్కలు. ఒడియాలో లేని హ్రస్వ ఎ, ఒ లాంటి కొన్ని గుర్తులు నేర్చుకుంటే చాలు.

వేదిక మీద రెండు చేతులూ కాగితం మీదే ఉంటాయి. చేతి మైకు ఇవ్వకండి, స్టాండు పెట్టండి. జాలి గొలిపే పరిచయ ప్రసంగం అసలే వద్దు (శాలువా అయినా నయం).

ఆటిజం ఉన్న కవులకైతే ఎవరి తర్వాత ఎవరో ముందే చెప్పండి, మైకు కీచుమనకుండా చూడండి. రికార్డు చేసిన గొంతు వినిపించినా అది కవితా పఠనమే.