కోడలు పంపిన బూట్లు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 57 ఏళ్లు. ఒక్కడే కొడుకు, అమెరికాలో ఉద్యోగం. పోయిన ఏడాది పెళ్లి చేసినాం. పెళ్లయిన ఇరవై రోజులకు ఇద్దరూ బయల్దేరితే, సాగనంపడానికి రెండు బండ్లు మాట్లాడుకుని బెంగళూరు ఎయిర్‌పోర్టుకు పోయినాం. మా బావగారి కుటుంబం, ఆడబిడ్డ, పిల్లలు, ఆడవాళ్లం అందరం పట్టుచీరలు కట్టుకున్నాం. కొత్త కోడలు కదా అని ధర్మవరం చీర తీసి మంచం మీద పెట్టినాను. ఆ అమ్మాయి మాత్రం వదులు ప్యాంటు, టీషర్టు వేసుకుని, జుట్టు పైకి ముడేసుకుని వచ్చింది. ఎయిర్‌పోర్టు గేటు ముందర మా తోడికోడలు, ‘ఏమ్మే, నైట్‌డ్రెస్సు కూడా మార్చకుండానే పంపిస్తున్నారా’ అనింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి కోడలితో ముక్తసరిగానే మాట్లాడుతున్నా.

ఇప్పుడు ఆమెకు ఏడో నెల. వాళ్లమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, పోలేదు. నన్నూ మా ఆయన్నూ రమ్మంటున్నారు. వచ్చే నెల ప్రయాణం. మేము విమానం ఎక్కడం ఇదే మొదలు. పోయిన వారం ఒక స్నేహితురాలి చేత నాకు పార్సిల్ పంపింది. రెండు కాటన్ కుర్తాలు, రెండు వదులు ప్యాంట్లు, మోకాళ్ల దాకా వచ్చే బిగుతు సాక్సులు, ఒక జత బూట్లు. ‘అత్తమ్మా, ఇవి వేసుకుని రండి, అంత దూరం చీరతో కష్టం’ అని చీటీ. బూట్లు వేసి చూసినా, సరిగ్గా సరిపోయినాయి. కానీ ఏడుపొచ్చింది. ఈ వయసులో ప్యాంటు వేసుకుని నలుగురి ముందర నడవాలా? నా చీర ఆమెకు నామోషీనా? మా ఆయన పంచె తప్ప కట్టరు, ఆయనకేమీ పంపలేదు. పోవడమే మానుకుందామా అనిపిస్తా ఉంది.

— ఒక అత్త, ప్రొద్దుటూరు

జవాబు:

అక్కా, మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘బూట్లు వేసి చూసినా, సరిగ్గా సరిపోయినాయి’ అన్నారు. మీ కాలి కొలత ఆ అమ్మాయికి ఎట్లా తెలిసింది? మీరు చెప్పలేదు. మీరెప్పుడూ బూట్లు వేసుకున్న మనిషి కాదు కాబట్టి మీ అబ్బాయికి తెలిసే దారీ లేదు. పెళ్లయ్యాక ఉన్న ఆ ఇరవై రోజుల్లో వాకిట్లో విడిచిన మీ చెప్పులు చూసి గుర్తు పెట్టుకుని ఉండాలి, లేదా ఈ మధ్య ఇంట్లో ఎవరికో ఫోన్ చేసి గుట్టుగా కొలిపించి ఉండాలి. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల అంగడికి పోయి, అత్తగారి పాదం మనసులో పెట్టుకుని బూట్లు ఏరిందంటే, దాన్ని నామోషీ అనడానికి నాకు నోరు రావడం లేదు. మీ చీర నలుగురిలో తలవంపు అనుకునే పిల్లయితే, పురిటికి మిమ్మల్నే రమ్మని ఎందుకు అడుగుతుంది?

అయితే మీ బాధ ఉత్తదని నేను అనను. ఎయిర్‌పోర్టుకు రెండు బండ్లలో పోవడమంటే ఏమిటో మన జిల్లాలో పుట్టిన నాకు తెలుసు.

మాది రాయచోటి దగ్గర పల్లె. నేను మూడో తరగతిలో ఉండగా మా చిన్న మేనమామ కువైట్ పోయాడు. అప్పట్లో మావైపు వాళ్లు బొంబాయి దాకా రైల్లో పోయి అక్కడ విమానం ఎక్కేవాళ్లు. వీసా వచ్చిందని తెలిసిన వారంలోనే మా తాత ఆయన్ని కడపకు తీసుకుపోయి బూడిద రంగు సఫారీ కుట్టించాడు. అంతవరకూ పంచె ఎగ్గట్టి మడిలో దిగిన మనిషి. కడప స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డప్పుడు మా అమ్మమ్మ ఆ చొక్కా కాలరు సర్దుతూనే ఉంది, ఏడుపు ఆపుకోవడానికి చేతికి ఏదో ఒక పని కావాలి కదా. రెండేళ్లకు తిరిగొచ్చినప్పుడూ ఒంటి మీద అదే సఫారీ. భుజాల దగ్గర వేలాడుతోంది, మనిషి అంత చిక్కిపోయాడు. అక్కడ ఉన్నన్నాళ్లూ దాన్ని పెట్టె అడుగున మడిచి పెట్టి, ఇంటికొచ్చే రోజు కోసం దాచాడంట. ఆ బట్టలు విమానం కోసం కాదు. స్టేషన్‌లో నిలబడ్డ మా కోసం.

మీరు మంచం మీద పెట్టిన ధర్మవరం చీర కూడా అటువంటిదే. మీ దృష్టిలో ఆ రోజు జరిగింది రెండో అప్పగింతలు. ఆ అమ్మాయి దృష్టిలో అది ఇరవై గంటలు దాటే ప్రయాణం. ఇద్దరిలో ఎవరూ రెండో వాళ్లకు ఆ సంగతి చెప్పుకోలేదు.

విమానానికి ముస్తాబవడం మన ఒక్కరి అలవాటూ కాదు. 1950ల నాటి ఫోటోలు చూస్తే అమెరికాలోనూ మగవాళ్లు కోటూ టైతో, ఆడవాళ్లు టోపీలు పెట్టుకుని విమానం ఎక్కేవాళ్లు. టికెట్టు కొనగలిగిన వాళ్లే తక్కువ, అందుకే ఆ ఎక్కడం ఒక వేడుక. మన దేశంలో 1953 నుంచి 1994 దాకా వేళల ప్రకారం విమానాలు నడిపే హక్కు చట్టంలో ప్రభుత్వ సంస్థలకే ఉండేది. ఆ చట్టం పోయి, 2003లో ఎయిర్ డెక్కన్ చవక టికెట్లు మొదలుపెట్టాక సంగతి మారింది. 2017లో చిన్న ఊళ్లకు చవకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద విమానాలు మొదలైన రోజున ప్రధానమంత్రి, హవాయి చెప్పులు వేసుకున్న వాళ్లు కూడా విమానంలో తిరగాలని అన్నారు. మన కడపలో 2015 నుంచి, కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 నుంచి ఎయిర్‌పోర్టులు నడుస్తున్నాయి. మా మేనమామ నాటికి ఇది ఊహకు కూడా అందని మాట. మీ కోడలు చదువుకీ ఉద్యోగానికీ విమానాల్లో తిరిగిన తరం. మనం బస్సెక్కినట్టు వాళ్లు విమానం ఎక్కుతారు. బస్సుకు పట్టుచీర కట్టుకోరని మనమూ ఎవరినీ తప్పు పట్టం.

ఇంకో సంగతి అడగాలి, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు మీ అబ్బాయి ఏం వేసుకున్నాడు? కోడలి ప్యాంటు, టీషర్టు, జుట్టు ముడి అన్నీ రాశారు. అబ్బాయి బట్టల గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. బహుశా అతనూ టీషర్టే వేసుకుని ఉంటాడు, మోకాళ్ల దాకా నిక్కరైనా వేసుకుని ఉండొచ్చు. ఎవరి కంటికీ అది ఆనలేదు. ఇంటి పరువు మోసే పని ఇరవై రోజుల కిందట వచ్చిన పిల్ల నెత్తిన పెట్టి, పాతికేళ్లకు పైగా ఆ ఇంట్లో పెరిగిన కొడుకును వదిలేశారు. ఇది మీరొక్కరే చేసిన తప్పు కాదు, మన ఇళ్లన్నిట్లో జరిగేదే. అయినా మీరు ఒకసారి కూర్చుని ఆలోచించండి.

ఆ అమ్మాయిది తప్పేమీ లేదనీ అనను. అత్తగారు చీర తీసి మంచం మీద పెట్టినప్పుడు, ‘అత్తమ్మా, ఇంతసేపు ప్రయాణం, దీనితో కూర్చోలేను, ఇంట్లో కట్టుకుని అందరికీ కనపడి తర్వాత మార్చుకుంటాను’ అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పకుండా వచ్చేసింది. కొత్త ఇల్లు, చెప్పడానికి భయపడి ఉండొచ్చు. మీ మనసును అసలు కోసింది మాత్రం ఆమె టీషర్టు కాదు, మీ తోడికోడలి మాట. ఆవిడ అన్నదానికి శిక్ష ఈ పిల్లకు పడింది, ఇన్ని నెలల ముక్తసరి మాటల రూపంలో.

ఇక మీ ప్రయాణం. ఆ పార్సిల్‌లో ఒక్కో వస్తువూ ఎందుకుందో చెబుతాను, తర్వాత వేసుకునేదీ మానేదీ మీ ఇష్టం.

విమానం పైన ఎగిరేటప్పుడు లోపలి గాలి దాదాపు ఊటీ కొండ మీద ఉన్నంత పలుచగా ఉంటుంది. దాంతో కడుపులో గాలి ఉబ్బుతుంది. లంగా నాడా బిగించి కట్టుకుని అన్ని గంటలు కూర్చుంటే నడుము దగ్గర ఒత్తుకుని అవస్థ పడతారు. వదులు ప్యాంటు అందుకు. గంటల కొద్దీ కదలకుండా కూర్చుంటే పాదాలు వాస్తాయి, కొందరికి కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంటుంది. సాక్సులు దానికోసం. మీకు షుగరు గానీ, కాళ్లలో రక్తం సరిగా ఆడకపోవడం గానీ ఉంటే వాటిని వేసుకునే ముందు మీ డాక్టరును అడగండి. గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు తాగుతుండాలి, లోపల గాలి మన ఎండాకాలం కంటే పొడిగా ఉంటుంది. బాత్‌రూమ్ మన పూజగది అల్మారా అంత. నేల తడిగా ఉన్నప్పుడు అందులో కుచ్చిళ్లు పట్టుకుని నిలబడటం నాకు అనుభవమే, రెండుసార్లు చీరతో పోయి మూడోసారి నుంచి చుడీదార్‌కు మారాను. కుర్తాలు కాటన్‌వి పంపింది చూశారా, అదీ తెలివే. నిప్పు రాజుకుంటే నైలాన్ గుడ్డ కరిగి ఒంటికి అంటుకుంటుంది, కాటన్ అట్లా అంటుకోదు.

అయినా చీరే కట్టుకుంటానంటే నిక్షేపంగా కట్టుకోండి. చీర కట్టుకుంటే ఎక్కనివ్వమనే రూలు ఏ విమానంలోనూ లేదు. ఎయిరిండియాలో పనిచేసే ఆడపిల్లలు దశాబ్దాల పాటు చీరల్లోనే డ్యూటీ చేశారు. కట్టుకునేది మాధవరం నేత చీరలాంటి మెత్తటి నూలుది చూసుకోండి. పిన్నులు తగ్గించండి, సెక్యూరిటీ గుమ్మం దాటేటప్పుడు అది కూసిందంటే పక్కకు పిలుస్తారు. కంగారు పడొద్దు, పరదా చాటున ఆడ పోలీసే చూస్తుంది. నగలు తాళి, చిన్న కమ్మల వరకే ఉంచుకోండి. పైన ఒక శాలువా, లోపల చలేస్తుంది. బూట్లు మాత్రం చీర కిందైనా వేసుకోండి. మధ్యలో దిగి ఇంకో విమానం మారేటప్పుడు చాలా దూరం నడవాలి.

అన్నకు పంచె హాయిగా ఉంటే పంచే కట్టుకోనివ్వండి. చలికి లోపల ఏదైనా వేసుకుంటే చాలు. ఆయనకేమీ పంపలేదని రాశారే, మామగారికి బట్టలు పంపితే ఏమనుకుంటారోనని జంకి ఉంటుంది. ఈ మాటా ఆమెనే అడగండి, మనసులో పెట్టుకోకండి.

నలుగురి ముందర ప్యాంటుతో నడవాలా అన్నారు. ఆ నలుగురినీ ఈసారి బెంగళూరు ఎయిర్‌పోర్టున్న దేవనహళ్లి దాకా తీసుకుపోకండి. టికెట్టు లేని వాళ్లను ఎట్లాగూ లోపలికి రానివ్వరు. పులివెందుల, కదిరి మీదుగా అంత దూరం వచ్చి గేటు బయట పది నిమిషాలు నిలబడి తిరిగిపోవడం వాళ్లకూ కష్టమే. వీడ్కోలు ప్రొద్దుటూరులో, మీ ఇంట్లోనే జరపండి. ముందు రోజు అందరినీ భోజనానికి పిలవండి. మీకిష్టమైన పట్టుచీర కట్టుకోండి, బొట్టు పెట్టించుకోండి, ఫోటోలు తీయించుకోండి. బయల్దేరే రోజు ఇద్దరు తోడొస్తే చాలు. అప్పుడు మీరు ఏం వేసుకుని కారెక్కినా మాట పడాల్సిన పని ఉండదు.

కానీ ఇవన్నిటికంటే ముందు ఫోన్ చేయాలి. ఈ రోజే చేయండి, మీ అబ్బాయికి కాదు, కోడలికి. అక్కడ పొద్దున అయ్యే వేళ చూసుకోండి. పాత సంగతి తవ్వుతూ మొదలుపెట్టొద్దు. ‘బూట్లు సరిపోయినాయి తల్లీ, నా కొలత నీకెట్లా తెలిసింది?’ అని అడగండి. ఆమె ఏం చెబుతుందో నాకూ వినాలనుంది. ఎయిర్‌పోర్టు రోజు మాట మీకు చెప్పాలనిపిస్తే తర్వాత చెప్పండి, ‘ఆ రోజు నాకు కష్టంగా అనిపించింది, నీతో చెప్పకుండా ముఖం ముడుచుకున్నాను’ అని. అంతకు మించి సంజాయిషీ అడగొద్దు, ఇవ్వొద్దు. కడుపుతో ఉన్న పిల్ల, తల్లి దగ్గర లేదు. రేపు కాన్పు గదిలో నొప్పులొచ్చినప్పుడు పట్టుకునే చెయ్యి మీదే.

ఆ రోజు మంచం మీద మిగిలిపోయిన ధర్మవరం చీర ఇంకా మీ బీరువాలోనే ఉంటే, దాన్ని పెట్టెలో పెట్టుకోండి. మీరు చేరేసరికి శ్రీమంతం వేళ అవుతుంది. గాజులతో పాటు ఆ చీర ఇవ్వండి. ఆ పిల్ల తప్పకుండా కట్టుకుంటుంది. పెట్టె సర్దేటప్పుడు బాలింత కారానికని ఎండుకొబ్బరి చిప్పలు మాత్రం వేసుకోకండి, తేలిగ్గా నిప్పంటుకునే సరుకని చెకిన్ లగేజీలో రానివ్వరు. అక్కడ దొరుకుతాయి.

కొత్త బూట్లు కరుస్తాయి. ప్రయాణం ఇంకా నెల ఉంది కాబట్టి రోజూ సాయంత్రం మిద్దె మీద అర్ధగంట వేసుకుని నడవండి. పక్క మిద్దె మీద నుంచి మీ తోడికోడలో, ఇంకెవరో చూసి ఎక్కడివని అడిగితే, మా కోడలు పంపిందని చెప్పండి.